వెండి ఆకుల వరండా

ఆ ఉదయం అల్లుడి పథకం చిన్నదే. వరండాలో ఉన్న పొగాకు మొక్కనీ, వెండి ద్రావకం డబ్బానీ సంచిలో పెట్టుకుని ల్యాబుకి పోవాలి. డైరెక్టరుకి పని చూపించి ఉద్యోగం నిలబెట్టుకోవాలి.

అల్లుడు చేసేది వింత పని. మొక్కలకి తెగులు తెచ్చే ఒక వైరసు కంటికి ఆనని సన్నటి పుల్లలా ఉంటుంది. మనుషుల జోలికి రాదు. ఆ పుల్లని అచ్చుగా పెట్టి పైన వెండి పట్టిస్తే వెంట్రుక దాని ముందు దూలంలా కనిపించేంత సన్నటి తీగ రావాలి. ఏళ్ళు గడిచినా రాలేదు. ల్యాబులో ఏసీ చచ్చిందని పోయిన నెల ఆ తెగులు పట్టిన పొగాకు మొక్కతో సహా సరంజామా అంతా ఇంటికి మోసుకొచ్చి, సీసా కారుతోందని ద్రావకాన్ని స్ప్రే డబ్బాలో పోసి, అత్తగారి కుండీల పక్కన పెట్టాడు.

వరండాలో అడుగు పెడితే గలగలమని చప్పుడు. గాలి ఊసే లేదు. పొగాకు, మిరప, టమాటా, వంగ, అన్నీ వెండి ఆకులేసుకుని నిలబడ్డాయి. వంగి చూస్తే ఆకులో తన మొహం. తను రెప్ప వేశాక, తీరుబడిగా అదీ వేసింది.

"అత్తయ్యా! ఈ డబ్బాలోదేదీ?"

"మొక్కలకి కొట్టాను బాబూ. మందు కాదూ?"

"అన్నిటికీనా?"

"నీ ఒక్కదానికే కొడితే తక్కినవి చిన్నబుచ్చుకోవూ?"

"మరి వీటికి తెగులెలా అంటింది?"

"అంటడానికేం? రోజూ ఒకే తడిగుడ్డతో ఆకులన్నీ తుడుస్తాను. పై వాటా వాళ్ళవీ నేనే తుడిచి, మందు కొట్టొచ్చాను."

పైన గలగల. వెంటనే కెవ్వున కేక. పై వాటా ఆవిడ మెట్ల మీద నుంచి దొర్లినట్టే వచ్చి పడింది.

"పిన్నిగారూ, మా వంగమొక్క నన్నే చూస్తోందండీ!"

ఆ కేకకి వీధి వీధంతా గేటు దగ్గర చేరింది. లోపలికి మాత్రం ఎవరూ రాలేదు. అల్లుడు డైరెక్టరుకి ఫోన్ చేసి జ్వరమన్నాడు. ఆ జ్వరాన్ని నమ్మని డైరెక్టరు, ప్రాజెక్టు మూసేశామని మొహం మీదే చెబుదామని కారెక్కి వచ్చేశాడు.

ఆయన గుమ్మం దాటగానే ఆకులన్నీ ఒక్కసారి ఆయన వైపు తిరిగాయి. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా చదువు ఊరుకోనివ్వదు కదా, ఒక ఆకుని గోటితో గీరాడు. వెలుగు పోగులాంటి తీగ లేచింది.

"ఇదేనయ్యా మనకి కావలసింది! మూసేది ప్రాజెక్టు కాదు, ఆ ల్యాబు! లారీ పిలిపించు, అన్నీ ఎక్కిద్దాం."

"నా కుండీ ఒక్కటి కదిలిందో..." అంది అత్తగారు గుడ్డ దులుపుతూ.

ఈసారి ఆకులన్నీ ఆవిడ వైపు తిరిగి, గలగలమనడం మానేసి, చెప్పినట్టు వినే పిల్లల్లా నిలబడ్డాయి. డైరెక్టరు కూడా అలాగే నిలబడ్డాడు.

ల్యాబే వరండాకి వచ్చింది. అల్లుడి ఉద్యోగం నిలిచింది గానీ, సెలవు కావాలంటే అత్తగారిని అడగాలి.