సహజంగా వచ్చిన తుప్పు

ప్రతి ఉద్యోగిలోనూ ఏదో ఒక ప్రతిభ దాగి ఉంటుందనీ, దాన్ని వెలికితీసి, ఆ ఉద్యోగి మళ్లీ జన్మలో దాన్ని ఎక్కడా దాచుకోలేకుండా చేయడమే సంస్థ పరమధర్మమనీ నీటి సరఫరా కార్యాలయం ఒక సర్క్యులర్ ద్వారా లోకానికి ప్రకటించింది. లోకం పట్టించుకోలేదు. బిల్లుల సెక్షన్ గుమస్తా మాత్రం చదివాడు. సర్క్యులర్లు చివరిదాకా చదవడం అతనికి ఉన్న రెండు దురలవాట్లలో ఒకటి.

రెండోది బొమ్మలు. బొటనవేలంత ఎత్తుండే ప్లాస్టిక్ సైనికులు. ఇంకా జరగని యుద్ధంలో, ఇంకా ఎవరూ కనిపెట్టని నక్షత్రాల నడుమ పోరాడబోయే వీరులు. పెట్టెలో చేతులు వేరుగా, కాళ్లు వేరుగా, తలలు వేరుగా వస్తారు. కత్తిరించి, అతికించి, కవచానికొక రంగు, తుపాకికొక రంగు, కంటిపాపకొక రంగు మూడు వెంట్రుకల కుంచెతో ఊపిరి బిగబట్టి వేయాలి. ఒక్కో సైనికుడికి నెలలు పడతాయి. కొత్త పెట్టెలు మాత్రం నెలకు రెండు చొప్పున ఇంటికి చేరుతుంటాయి. (ఈ లెక్కన సైన్యం ఎప్పటికి సిద్ధమవుతుందని అడగడం మర్యాద కాదు. యుద్ధానికి ఇంకా కొన్ని వేల ఏళ్ల గడువుంది.)

అతని భార్య కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. ఆమె ఓసారి ఇల్లు సర్దుతూ అడిగింది.

"ఏవండీ, మంచం కింద ఈ పెట్టెలేంటి?"

"మూడో దళం."

"మరి మొదటి రెండూ?"

"ఒకటి బీరువాలో ఉంది. ఇంకోటి దుప్పట్ల వెనకాల."

"రంగులు వేసినవెక్కడ?"

అతను అలమర మీదున్న నలుగురిని చూపించాడు. ఆమె దగ్గరికెళ్లి, కళ్లు చికిలించి, చివరికి దుకాణం నుంచి తెచ్చిన భూతద్దం పెట్టి చూసింది.

"అందరికీ అక్షరాలు చూపించి చదవమనడం నా ఉద్యోగం. ఇంటికొస్తే మీరు ఈయన కనుబొమలు చూపించి చదవమంటారు," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతని కళ మీద ఆ ఇంట్లో వెలువడిన విమర్శ అంతే.

బయట వెలువడిన విమర్శ ఇంకా క్లుప్తమైనది. ఊళ్లో ఈ పిచ్చి ఉన్నవాళ్లు ఓ అరడజను మంది ఒక ట్యూషన్ గదిలో కలుస్తారు. ఏడాదికోసారి పోటీ పెట్టుకుంటారు. సైనికుడి భుజకవచం మీద యుద్ధాల్లో నాని, ఎండి, తుప్పు పట్టినట్టు రంగు వేయడం ఈ విద్యకు గీటురాయి. మన గుమస్తా సైనికులకు ఏటా న్యాయనిర్ణేత ఒకే మాట రాసేవాడు: "తుప్పు సహజంగా రాలేదు." (న్యాయనిర్ణేత పగలు పళ్ల డాక్టరు. పుచ్చిన వాటి గురించి ఆయన మాటే వేదం.)

సర్క్యులర్‌తో పాటు ఒక యాప్ వచ్చింది. ప్రతి ఉద్యోగీ తన అభిరుచిని అందులో నమోదు చేయాలి. అభిరుచి లేదని నొక్కితే, ఎందుకు లేదో తెలుసుకునే కౌన్సెలింగుకు పూర్తి రోజు హాజరవ్వాలి. గుమస్తా బుద్ధిగా "పెయింటింగ్" అని నొక్కాడు. "దేని మీద?" అని యాప్ అడిగింది. కాగితం, గుడ్డ, గోడ, ఇతరములు. "ఇతరములు" నొక్కితే తెర మీద ఒక చక్రం గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. భోజనానికి వెళ్లొచ్చినా తిరుగుతూనే ఉంది. విసుగొచ్చి వేలు ఎక్కడో తగిలించాడు. చక్రం ఆగింది. "గోడ. ధన్యవాదాలు," అంది యాప్.

మర్నాడు ప్రతిభా వినియోగ అధికారిణి నుంచి కబురొచ్చింది. ఆవిడ గదిలో నవ్వుతున్న ఉద్యోగుల ఫొటోలున్నాయి. అందులో ఈ ఆఫీసువాళ్లెవరూ లేరు.

"చాలా సంతోషమండీ," అందావిడ. "మన ముందు ప్రహరీ గోడ మీకిచ్చేస్తున్నాం."

"మేడమ్, చిన్న పొరపాటు జరిగింది. నేను రంగులు వేసేది గోడలకి కాదండీ, బొమ్మలకి."

"అదేగా. గోడ మీద బొమ్మలు వేయండి."

"బొమ్మలు వేయను మేడమ్. బొమ్మలకి వేస్తాను."

"తేడా ఏముందండీ?"

తేడా ఒక్క "కి". చిన్నప్పుడు బెత్తం దెబ్బలతో నేర్చుకున్న షష్ఠీ విభక్తి. కాని ఆ కార్యాలయంలో నీటికీ, పైపులకూ, కుళాయిలకూ పద్దులున్నాయి గాని విభక్తులకు పద్దు లేదు. ఆవిడ అప్పటికే ఆమోదం నొక్కేసింది. ఆమోదించిన అభిరుచిని వెనక్కి తీసుకోవాలంటే ఉద్యోగి స్వయంగా పదవీ విరమణ చేయాలని యాప్ నిబంధన.

ఆ ప్రహరీ ఈ చివర నుంచి కేకేస్తే ఆ చివర సరిగా వినపడనంత పొడుగు. నిరుడే కట్టారు. ఉక్కు ముక్కలా ఉంటుంది. స్టోర్సు వాళ్లు కుంచె కోసం అర్జీ పెట్టుకోమని, అర్జీ అందినట్టు రసీదిచ్చి, కుంచె ఇవ్వలేదు. గుమస్తా ఇంటి నుంచి తనవే పట్టుకొచ్చాడు. నుదుటికి భూతద్దం కట్టుకుని, అరచేతిలో చిన్న రంగుల పలక పెట్టుకుని, గేటు పక్కనున్న మొదటి ఇటుక ముందు గొంతుక్కూర్చున్నాడు. సాయంత్రానికి ఆ ఇటుక పూర్తయింది.

గేటు కాపలాదారు కుర్చీ లాక్కొచ్చుకుని కూర్చున్నాడు.

"సార్, అడిగానని ఏమీ అనుకోకండి. ఇది మీ సర్వీసులో అవుద్దా, లేకపోతే మీ పిల్లలకి ఉద్యోగమిస్తారా?"

 కంటిపాపలు వేసేటప్పుడు మాట్లాడకూడదన్నది గుమస్తా నియమం. ఇటుకకు కంటిపాపలు లేవన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

పని ఎంతవరకొచ్చిందో రోజూ యాప్‌లో శాతం చెప్పాలి. యాప్‌కు దశాంశాలు పనికిరావు. అందుచేత వారాల తరబడి "సున్నా" అనే నమోదైంది. సున్నా చూసినప్పుడల్లా యాప్ "మీరు చేయగలరు" అని ధైర్యం చెప్పింది. ఆ తర్వాత "మీరు నిజంగా చేయగలరా?" అని మెమో పంపింది.

మెమో చదివిన రోజు గుమస్తా గోడను దూరం నుంచి, తల ఒక పక్కకు వాల్చి, చాలాసేపు చూశాడు. గోడలాగా చూస్తే అది గోడే. ఒక మహావీరుడి భుజకవచంలాగా చూస్తే? కాస్త పెద్ద వీరుడు, అంతే. ఆ ఆలోచన రాగానే బజారుకెళ్లి వెడల్పాటి కుంచెలు, స్పాంజీలు, డబ్బాల కొద్దీ రంగులు తెచ్చాడు.

ఇక చేయి ఆగలేదు. గోడంతా ముదురు బూడిద రంగు పరిచాడు. దాని మీద ఇనుప రేకులు అతికించినట్టు గీతలు, గీత గీతకూ మరమేకులు. ఏ గ్రహం నుంచో పేలిన ఫిరంగుల మసి. పెచ్చులూడిన చోట్లు, వాటిలోంచి తొంగిచూసే ఇనుప చువ్వలు, చువ్వల నుంచి కిందికి కారిన తుప్పు చారలు, అడుగు నుంచి అంచుదాకా పాకిన బీటలు. అంతా రంగే. చేత్తో నిమిరితే ఒక్క పగులూ తగలదు. ఎదురుగా బస్సు కోసం నిలబడ్డవాళ్లు అతని పని చూస్తూ బస్సులు వదులుకున్నారు. నీళ్ల బిల్లు కట్టడానికి వచ్చినవాళ్లు కట్టకుండా వెనక్కిపోయారు. (ముందు ఈ గోడ బాగుచేయించుకోండి, అడుగుదురుగాని, అని.)

ఓ ఆదివారం భార్య క్యారియరు పట్టుకుని వచ్చింది. రోడ్డు దాటుతూనే ఆగిపోయింది.

"అదేంటండీ, కొత్త గోడన్నారు. ఇలా బీటలిచ్చిందేంటి? ఇవతలికి రండి, మీద పడుద్ది."

"ముట్టుకుని చూడు."

ఆమె భయం భయంగా ఒక వేలు పెట్టింది. తర్వాత అరచెయ్యి. బీట పొడుగునా నడుస్తూ ఆ చివరిదాకా నిమురుకుంటూ వెళ్లింది. తిరిగొచ్చి, అతని నుదుటి మీది భూతద్దం తీసి సంచిలో వేసుకుంది.

"దీనికి అద్దం అక్కర్లేదు," అంది. క్యారియరు విప్పుతూ, "బాగుంది," అంది.

గుమస్తా ఆ రోజు ఏం తిన్నాడో అతనికి తెలియదు.

సంతోషం వచ్చిన వెనకాలే తనిఖీ వచ్చింది. కట్టడాల స్థిరత్వాన్ని ఏటేటా పరీక్షించే భద్రతా ఇంజినీరు ఒకరున్నారు. ఆయన కారు గేటు దాకా వచ్చి, గోడను చూసి, రివర్సులో వీధి మలుపు దాకా వెళ్లి ఆగింది. ఆయన అక్కడే నిలబడి రాసుకోవడం మొదలుపెట్టాడు. గుమస్తా పరుగెత్తాడు.

"సార్, అది పెయింటు సార్. గోడకేం కాలేదు. ఒక్కసారి ముట్టుకుని చూడండి."

"ప్రమాదకరమైన గోడల్ని ముట్టుకోకూడదయ్యా. రూలు."

"ముట్టుకుంటే కదా సార్ ప్రమాదం లేదని తెలిసేది."

"ప్రమాదం లేదని తెలిశాకే ముట్టుకోవాలి," అన్నాడాయన ఓపిగ్గా. ఇందులో తర్కదోషమేమీ లేదని చూపడానికి ఇంకో రెండడుగులు వెనక్కి వేశాడు కూడా.

మూడో రోజుకల్లా నివేదిక వచ్చింది. పగుళ్లు లోతైనవి. చువ్వలు బయటపడ్డాయి. తుప్పు తీవ్రంగా ఉంది, దీర్ఘకాలికమైనది, నీరు నిలవడం వల్ల సహజంగా ఏర్పడినది. గోడను వెంటనే కూల్చాలి.

"సహజంగా" అన్న మాట దగ్గర గుమస్తా ఆగిపోయాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. నకలు తీయించి పళ్ల డాక్టరుకు పోస్టు చేశాడు.

గోడను కాపాడే దారి లేకపోలేదు. అధికారిణి అతన్ని పిలిచి, ఇంజినీరు పంపిన ఒక హామీ పత్రం ముందుపెట్టింది.

"దీని మీద సంతకం పెట్టండి చాలు. గోడ ఉంటుంది. మీ పనీ ఉంటుంది."

అందులో ఒకే వాక్యముంది. "సదరు గోడ మీది పగుళ్లు, తుప్పు కేవలం రంగులేననీ, ఆ సంగతి చూసిన ఎవరికైనా చూడగానే తెలిసిపోతుందనీ ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను."

గుమస్తా కలం తీశాడు. మొదటి సగం బాగానే ఉంది. రెండో సగం దగ్గర చేయి కదల్లేదు.

"మేడమ్, ‘చూడగానే’ అన్న మాట కొట్టేయొచ్చా?"

"కొట్టేస్తే చెల్లదండీ."

"మరి చూడగానే తెలియదు కదా మేడమ్. ఇంజినీరు గారికే తెలియలేదు."

"తెలుస్తుందని రాస్తే మీకు పోయేదేముందండీ?"

 గుమస్తా కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అసత్యానికి ఒడిగట్టనందుకు ఆ పూటంతా తన్ను తాను హరిశ్చంద్రుడి సరసన నిలబెట్టుకున్నాడు కూడా. (హరిశ్చంద్రుడు పోగొట్టుకున్నది సొంత రాజ్యం. ఇతను పోగొట్టింది ఆఫీసు గోడ. ఆ తేడా సాయంత్రానికి గాని తట్టలేదు.)

కూల్చడానికి యంత్రం వచ్చింది. ఉదయం మొదలుపెడితే మధ్యాహ్నానికి యంత్రం పళ్లు రెండు విరిగాయి. డ్రైవరు దిగొచ్చి చెమట తుడుచుకుంటూ, "ఇంత గట్టి గోడ నా సర్వీసులో చూళ్లేదు సార్. ఎవరు కూల్చమన్నారో గాని," అన్నాడు. ఇంజినీరు మలుపు దగ్గర్నుంచి చేయి ఊపాడు, కానివ్వమని. భార్య ఆ రోజు దుకాణానికి సెలవు పెట్టి రోడ్డవతల నిలబడింది. చివరి ముక్క పడ్డాక, "పోనీలెండి. ఇంట్లో మిగతా వాళ్లున్నారుగా," అంది. ఆ మాట అంటుందని అతను కలలో కూడా అనుకోలేదు. కాని ఇంటికెళ్లి సైనికుణ్ని చేతిలోకి తీసుకుంటే, వాడు మరీ చిన్నగా కనిపించాడు.

రంగు వేయవలసిన గోడ ఇక మిగల్లేదు కాబట్టి, యాప్ పనిని నూరు శాతం పూర్తయినట్టు నమోదు చేసి అభినందనలు తెలిపింది. నూరు శాతం సాధించినవారికి వెంటనే మరో బాధ్యత అప్పగించాలని నిబంధన.

అధికారిణి ఈసారి అతన్ని ఆఫీసు వెనక్కి స్వయంగా తీసుకెళ్లింది. అక్కడ వెనక ప్రహరీ ఉంది. దాని నీడలో సిబ్బంది బళ్లు పెట్టుకుంటారు. పాత గోడ. బీటలో చేయి పెడితే మోచేతి దాకా వెళ్లింది. ఒక చోట మొక్క మొలిచి, పూత కూడా పూసింది.

"మరమ్మతుల పద్దంతా ముందు గోడ కూల్చడానికే సరిపోయిందండీ," అందావిడ మెల్లగా. "సోమవారం ఇంజినీరు గారు మళ్లీ వస్తున్నారు. లేని బీటలు ఉన్నట్టు చూపించారు మీరు. ఉన్నవి లేనట్టు చూపించడం మీకో లెక్కా?"

"మేడమ్, ఇది నిజంగానే పడిపోయేలా ఉందండీ."

"పడిపోయేలా కనిపించకుండా ఉంటే చాలండీ. తనిఖీ కనిపించేదానికే."

గుమస్తా కాదందామనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. కాని అప్పటికే అతని కళ్లు బీటను కొలుస్తున్నాయి. ఇక్కడ లప్పం, ఇక్కడ గుడ్డ కుక్కి దాని మీద లప్పం, ఆ పైన లేత రంగు పలచగా, అంచుల్లో కాస్త నీడ. కష్టమే. ఇంతవరకూ ఎవరూ చేసి ఉండరు.

"మొక్క పీకేయాలి మేడమ్," అన్నాడు.

సోమవారం ఇంజినీరు వచ్చాడు. మలుపు దగ్గరే ఆగి చూశాడు. ప్రమాదమేమీ కనిపించకపోవడంతో రూలు ప్రకారం దగ్గరికి వచ్చి, రూలు ప్రకారం ముట్టుకుని, "గోడంటే ఇలా ఉండాలి," అని మెచ్చుకుని, సంతకం పెట్టి వెళ్లిపోయాడు. వెళ్లేదాకా గుమస్తా ఊపిరి బిగబట్టే ఉన్నాడు. అధికారిణి చప్పట్లు కొట్టబోతే, వద్దని సైగ చేశాడు.

అది అతను చేసినవాటిలోకెల్లా గొప్ప పని. దాన్ని ఎవరికీ చూపించలేదు, భార్యతో సహా. సిబ్బంది ఇప్పటికీ ఆ నీడనే బళ్లు పెట్టుకుంటున్నారు. గుమస్తా మాత్రం తన స్కూటర్ రోడ్డవతల ఎండలో పెట్టి వస్తున్నాడు. ఎందుకని అడిగినవాళ్లకు, రోజూ కాస్త నడవడం ఒంటికి మంచిదని చెబుతున్నాడు.