ఫెర్రీ పరీక్షకు బంధుబలం

ఆ ఉదయం కెప్టెన్ వేసుకున్న పథకం చాలా సులువైనది. తన పాత ఫెర్రీ ఎంత డీజిలు తాగి ఎంత పొగ వదులుతోందో కొలిచి కార్బన్ గ్రేడు ఇవ్వడానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. అట్టడుగు గ్రేడు వస్తే ఫెర్రీని తుక్కు కింద అమ్మేస్తారు. అది ఆయనకు పెద్ద కూతురితో సమానం. చిన్న కూతుర్ని దాని ఇంజనీరుకే ఇచ్చి పెళ్లి చేశాడు.

"అల్లుడూ, తాగిన డీజిలుని ఎక్కిన జనంతో భాగిస్తారట. జనం ఎక్కువైతే తలకి పడే పొగ తక్కువ. అంతేగా?"

"అంతే అనుకుంటా మావయ్యా," అన్నాడు అల్లుడు. మామగారి మాట కాదనే అలవాటు అతనికి లేదు.

ఉచిత ప్రయాణమంటూ కెప్టెన్ భార్య తరఫు బంధువులందరికీ ఫోన్లు వెళ్లాయి. ఉచితమంటే ఎవరాగుతారు? పెదనాన్నలు, పిన్నులు, వాళ్ల వియ్యంకులు, ఆ వియ్యంకుల పక్కింటివాళ్లు కూడా దిగబడ్డారు. బావమరిది రెండాకులు ఎక్కువే చదివాడు. అవతలి ఒడ్డుకు ఇల్లు మారే పని ఉందని బీరువా, మంచం, పరుపు, చక్రాల స్టాండు మీద ఫ్రిజ్‌తో సహా వచ్చేశాడు.

"మనం ఎంత బరువుంటే అంత మంచిదట కదా బావా. అక్క చెప్పింది."

ఇన్‌స్పెక్టరు డీజిలు గొట్టానికి మీటరు బిగించి, దూరాన్నీ డీజిలునీ లెక్కగట్టే చిన్న మిషను చేతపట్టుకుని పైకొచ్చి జనాన్ని తేరిపార చూశాడు.

"ఇవాళ పెళ్లేమైనా ఉందా అండీ?"

"రోజూ ఇంతే సార్. కాలు పెట్టే చోటుండదు."

"ఎంతమంది ఎక్కినా మాకొకటేనండీ. ఫెర్రీ సైజు, తిరిగిన దూరం, కాలిన డీజిలు, ఇవే చూస్తాం. ఖాళీగా నడిపితే మీకే డీజిలు కలిసొచ్చేది."

కెప్టెన్ గుండెల్లో రాయి పడింది. అప్పటికే ఫెర్రీ ఒడ్డు విడిచింది. చేసేది లేక వేగం తగ్గించమన్నాడు, ఏసీలు, ఫ్యాన్లు కట్టేయమన్నాడు. లోపల ఉడికిపోయిన బంధువర్గం మొత్తం గాలి వీచే ఎడమవైపు చేరింది. ఫెర్రీ ఎడమకు ఒరిగింది.

"దయచేసి కొంచెం కుడివైపుకి రండి," అని కెప్టెన్ మైకులో బతిమాలాడు. అందరూ ఒక్కసారే వచ్చారు. వాళ్ల వెనకే ఫ్రిజ్ కూడా వచ్చింది. ఈసారి ఫెర్రీ కుడికి ఒరిగి, ఇక లేవనంది.

ఇంజన్ గదిలోంచి అల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, ట్యాంకులో డీజిలంతా ఒక మూలకి పోయింది. గొట్టంలోకి గాలి లాగేస్తోంది."

"అయితే ఇప్పుడేంటి?"

"ఇంకేముంది, ఇంజనాగిపోయింది."

చివరికి ఒక టగ్‌బోటు వచ్చి, తాడు కట్టి, ఆయాసపడుతూ ఫెర్రీని అవతలి ఒడ్డుకు లాక్కెళ్లింది. కడుపులో తిప్పిన ఇన్‌స్పెక్టరు దారంతా బావమరిది పరుపు మీదే పడుకున్నాడు. కెప్టెన్ ఆ పక్కనే కూలబడ్డాడు. నిజంగానే ఏడుపొచ్చింది ఆయనకు.

"ఇన్నేళ్లు నన్ను మోసింది సార్. దాని చావుకి నేనే చుట్టాల్ని పిలిచాను."

ఓదారుద్దామని లేచిన ఇన్‌స్పెక్టరు చేతిలోని మిషను చూసి కళ్లు నులుముకున్నాడు. దూరం పూర్తిగా నమోదైంది. డీజిలు మాత్రం దాదాపు కాలలేదు. పక్కన మెరుస్తున్నది అన్నిటికన్నా పై గ్రేడు.

"ఇది చెల్లదండీ, లాగింది టగ్‌బోటు కదా. కాకపోతే ఈ లెక్క నేరుగా హెడ్డాఫీసుకి వెళ్లిపోతుంది. ఉండండి, చెప్పి రద్దు చేయిస్తాను."

ఆయన ఫోన్ తీసేలోపే అది మోగింది. "సార్... అది కాదు సార్... టగ్... అలాగే సార్," అని పెట్టేసి, నీరసంగా కెప్టెన్ వైపు చూశాడు.

"నా మాట వినట్లేదండీ. సోమవారం మా పెద్దాయన మిగతా ఫెర్రీల కెప్టెన్లందర్నీ తీసుకొస్తారట. ఇంత పొదుపుగా ఎలా నడిపారో మీరు చేసి చూపించాలట."

కెప్టెన్ కళ్లు తుడుచుకుని, రేవు గట్టు మీద టగ్‌బోటు దాకా నడిచి, సోమవారం ఖాళీయేనా అని అడిగాడు.