అయిదింటికి ఊగే తోక

ఆ రెండో శనివారం సెలవునాడు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: రాజ్ కుమార్ మాస్టారు, ఆయన భార్య సుప్రియ, తల్లి సత్యవతమ్మ, తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు లిడియా, పదిన్నరకి అమలాపురం నుంచి అట్టపెట్టెలో వచ్చిన తెల్ల కుక్కపిల్ల. వరండాలో పడక్కుర్చీ కూడా ఒకటి ఉంది. అందులో ఎవరూ లేరు. లేరనే అప్పటికి అందరూ అనుకున్నారు.

పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి బయల్దేరడం, కుక్కపిల్లని కొనడం, భోజనాల వేళకి ఇంటికి చేరడం. లిడియా మనుషులతో మాట్లాడదు. రాసుకుంటుంది. కనీసం కుక్కతోనైనా మాట్లాడుతుందేమోనని సుప్రియ ఆశ.

మాస్టారి ఆశ వేరు. ఆయన రాజోలు దగ్గర హైస్కూల్లో పంతొమ్మిదేళ్ళుగా సాంఘికశాస్త్రం చెబుతున్నారు. వినియోగదారుల హక్కుల పాఠం వచ్చినప్పుడల్లా క్లాసులో గొంతు పెరుగుతుంది. కానీ ఆ హక్కుల్లో ఒక్కదాన్నీ వాడుకునే అదృష్టం ఆయనకి పట్టలేదు. కొన్న ఫ్యాను తిరిగేది. కొన్న గొడుగు తెరుచుకునేది.

"బిల్లు రాయండి," అన్నారు కొట్టులో.

కొట్టతను ఉదయ్ కిరణ్ తెల్లబోయాడు. "చేపపిల్లలకీ కుక్కపిల్లలకీ బిల్లేంటండీ మాస్టారూ?"

"బిల్లు తీసుకోనివాడు వినియోగదారుడు కాడు."

ఉదయ్ కిరణ్ వెతికి వెతికి, చేపల మేత డబ్బా అట్ట చింపి, దాని వెనకాల రాసిచ్చాడు. 'తెల్ల కుక్కపిల్ల ఒకటి. వారం రోజులు గ్యారంటీ.' మాస్టారు దాన్ని దారిలోనే లామినేషన్ చేయించారు.

కుక్కపిల్ల మంచులా తెల్లగా ఉంది. కళ్ళు నీలం. సత్యవతమ్మ ముత్యం అని పేరు పెట్టింది. ముత్యం అని పిలిస్తే అది తిరగలేదు. మాస్టారు చప్పట్లు కొట్టారు. సుప్రియ ఈల వేసింది. వెనకాల ప్రెషర్ కుక్కర్ కూత పెడితే వీధిలో కుక్కలు కూడా ఉలిక్కిపడ్డాయి గాని ముత్యం కళ్ళార్పలేదు. ఎవరికీ కనబడనిదేదో చూస్తున్నట్టు గోడకేసి చూస్తూ కూర్చుంది.

సాయంత్రానికి ముసురు పట్టింది. వరండాలో సగం చీకటి. సరిగ్గా అయిదింటికి ముత్యం లేచి, పడక్కుర్చీ దగ్గరికి నడిచి, దాని కాలికి గడ్డం ఆనించి కూర్చుంది. తోక గచ్చుమీద కొట్టుకోవడం మొదలైంది. టప్. టప్. టప్.

సత్యవతమ్మ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేసింది.

ఆ కుర్చీ ఆమె భర్త ఆనందరావుగారిది. కాలవ లాకులు ఎత్తి దించే లస్కరుగా చేసి రిటైరైన మనిషి. ఏ చేనుకి ఎప్పుడు నీళ్ళు వదలాలో ఆయన నోటి లెక్కలోనే ఉండేది. రిటైరయ్యాక కూడా లాకుల దాకా వెళ్ళి, అయిదింటికి వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవారు. కూర్చోగానే కుర్చీ రెండుసార్లు కిర్రుమనేది. ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. కుర్చీ గుడ్డ మాత్రం ఇంకా ఆయన వీపు ఆకారంలోనే దిగబడి ఉంది.

"వచ్చేరా అండీ?" అంది సత్యవతమ్మ ఖాళీ కుర్చీతో.

టప్, టప్, అంది తోక.

"అమ్మా, మనం ప్రార్థన చేసుకునేవాళ్ళం. మనింట్లో దయ్యాలేంటి?" అన్నారు మాస్టారు.

"దయ్యం అన్నానేంట్రా? మీ నాన్న అన్నాను."

మర్నాడూ అయిదింటికి అంతే. ఆ మర్నాడూ అంతే. మాస్టారు అట్టముక్క బిల్లు ముందు పెట్టుకుని ఉదయ్ కిరణ్ కి ఫోన్ చేశారు.

"కుక్కపిల్లలో లోపం ఉందండి. పిలిస్తే పలకదు. ఖాళీ కుర్చీకి తోక ఊపుతోంది."

"వాంతులా అండీ?"

"కాదు."

"విరేచనాలా?"

"కాదయ్యా, కుర్చీకి..."

ఉదయ్ కిరణ్ అడ్డొచ్చాడు. "మా కొట్లో ఉన్నన్నాళ్ళూ శుభ్రంగా ఉందండి. బోను తలుపు మీద వేలితో తడితే చాలు, తోకూపుకుంటూ వచ్చి తినేసేది. తప్పు కుక్కపిల్లలో లేదండి." గొంతు తగ్గింది. "ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఈమధ్య కాలం చేసేరా అండీ?"

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. సరుకు బాగాలేదంటే కొన్నవాడి ఇల్లు బాగాలేదనే వ్యాపారి ఏ పాఠంలోనూ లేడు.

ఈ మాట ఎలా పొక్కిందో పొక్కింది. బుధవారం సాయంత్రం కనకరత్నం అనే రైతు వరండా మెట్ల కింద చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాస్టారి కోసం కాదు.

"లస్కరుగారండీ," అన్నాడు కుర్చీతో. "మా తూము కింద వంతు నీళ్ళు ముందు మాకా, సూర్యప్రకాషుగారికా అన్నది తమరికి తప్ప ఎవరికీ తెలీదు. తమరేమో చెప్పకుండా వెళ్ళిపోయేరు. ముందు మాకే కదండీ?"

టప్, టప్, టప్.

"ఆయ్!" అని కనకరత్నం కుర్చీకి దండం పెట్టి, నేరుగా తూము దగ్గరికి పోయి నీళ్ళు తిప్పేసుకున్నాడు.

ఆ సమయంలో లిడియా లోపలి గదిలో ఉంది. వరండాలోకి ఉన్న రెండు రెక్కల తలుపులో ఒక రెక్కకి ఎప్పుడూ గడియ వేసే ఉంటుంది. పడక్కుర్చీ వీపు ఆనుకుని ఉండేది ఆ రెక్కకే. అదే రెక్కకి ఇటువైపు నుంచి వీపు ఆనించి, స్కూలున్నా లేకపోయినా రోజూ అయిదింటికి లిడియా డైరీ రాసుకుంటుంది. రెండో రెక్క కూడా మూసేసుకుంటుంది, ఎవరూ చూడకుండా. మాట తోచనప్పుడు మడమతో తలుపుని తడుతూ ఉండడం ఆమెకి అలవాటు.

ఆ రోజు రాస్తూ రాస్తూ ఆమె మడమ ఆపింది. బయట తోక ఆగింది. తట్టింది. టప్. ఆపింది. నిశ్శబ్దం. మళ్ళీ రెండుసార్లు తట్టింది. టప్, టప్.

లిడియాకి అర్థమైంది. అయిదు రోజులుగా ఈ ఇంట్లో తాతయ్య తనే. పైగా ఇప్పుడే కనకరత్నంగారికి నీళ్ళు కూడా ఇచ్చేసింది.

వెళ్ళి చెప్పాలి. కానీ వరండాలో అంతమంది ఉండగా నోరు ఎలా పెగులుతుంది? డైరీలో రాసింది. 'ముత్యానికి చెవులు వినబడవు. తలుపు కదిలితే తెలుస్తుంది. తప్పు నాది.' రాసి, గురువారం మడమ కదపకుండా కూర్చుంది.

ఆ గురువారం సూర్యప్రకాష్ వచ్చాడు. "ముందు మాకే కదండీ?" అని అడిగాడు. తోక ఊగలేదు. గట్టిగా అడిగాడు. ఊగలేదు. "చచ్చేక కూడా కనకరత్నం వైపేనన్నమాట!" అని కుర్చీని తిట్టి, చెప్పులు తొడుక్కోకుండానే వెళ్ళిపోయాడు. సత్యవతమ్మ మాత్రం కుర్చీ పక్కన టీ గ్లాసు పెట్టుకుని ఏడింటి దాకా కూర్చుంది. టీ మీద తెట్టె కట్టింది. "నేనేమన్నా అన్నానా అండీ?" అని రెండుసార్లు అడిగింది. లోపల లిడియాకి అన్నం సయించలేదు.

శుక్రవారం అయిదింటికి ఆమె మడమ దానంతటది కాదు, కావాలనే తలుపు తట్టింది. ఆ రాత్రి డైరీలో ఒకే వాక్యం. 'ఈ రోజు తాతయ్యగా ఉన్నాను.'

వారం రోజుల గ్యారంటీకి శనివారం ఆఖరు. మాస్టారు స్కూలుకి సెలవు పెట్టి, ముత్యాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు లక్ష్మీదుర్గ దాని వెనకాల స్టీలు పళ్ళెం మీద చెంచాతో కొట్టింది. బయట ఉన్న మేకలన్నీ అరిచాయి. ముత్యం ఆవలించింది.

"పుట్టు చెవుడండి. తెల్లగా, నీలికళ్ళతో పుట్టినవాటిలో కొన్నింటికి ఉంటుంది. మిగతా అంతా ఆరోగ్యమే. పాపం, చక్కగా పెంచుకోవచ్చు."

"పుట్టు చెవుడు!" మాస్టారి మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగింది. "అంటే అమ్మినప్పుడే ఉన్న లోపం! ఆ ముక్క కాగితం మీద రాసిస్తారా అండీ? సీలుతో?"

ఇంటికి వచ్చి ఆ కాగితాన్ని సుప్రియకి ఒకసారి, తల్లికి రెండుసార్లు చదివి వినిపించారు. సత్యవతమ్మ తొణకలేదు. "వినపడకపోతే ఏంరా, కనపడుతోందిగా!"

మాస్టారు ఫోన్ చేస్తే, నాలుగున్నరకి ఉదయ్ కిరణ్ బోను పట్టుకుని వచ్చాడు. సర్టిఫికెట్ చదివాడు. వరండా వైపు, కుర్చీ వైపు చూసి, మెట్టు మీదే ఆగిపోయాడు. ముసురుకి కొబ్బరాకులు తెల్లవారుజాము నుంచీ చుక్కలు రాలుస్తూనే ఉన్నాయి.

"ఒప్పుకుంటానండి మాస్టారూ. ఇంకోటి ఇచ్చేస్తాను. దీన్ని బోనులో పెట్టేయండి."

"దీన్నేం చేస్తారండీ?" అని సుప్రియ అడిగింది.

"తిరిగొచ్చినవాటిని ఉంచుకోమండి. ఓడలరేవు వైపు పోయే బండెక్కించేస్తాం. అక్కడ చేపలుంటాయి కదండీ, ఎలాగోలా బతికేస్తాయి."

తలుపు దగ్గర నిలబడిన లిడియాకి ఆ రోడ్డు తెలుసు. పెద్ద పెద్ద లారీలు హారన్ కొట్టుకుంటూ పోయే రోడ్డు. హారన్ వినబడని కుక్కపిల్లకి అక్కడ ఎన్ని గంటలు?

"దీన్ని గడప దాటించేరంటే నేనూ దాటతాను," అంది సత్యవతమ్మ కుర్చీ చేయి పట్టుకుని. "ఆయన్ని పలకరించే ప్రాణి ఇదొక్కటే ఉంది ఇంట్లో."

ఉదయ్ కిరణ్ జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. "అలాగైతే ఇందులో లోపం లేదు కదండీ. ఇంకా ఏదో ఎక్కువే ఉందన్నమాట. 'కుక్కపిల్ల బాగుంది, మాకు ఏ ఫిర్యాదూ లేదు' అని సంతకం పెట్టేయండి. వెళ్ళిపోతాను."

"సంతకమా! నేనా!" మాస్టారు లేచి నిలబడ్డారు. "నా ఇంట్లో ఎవరూ లేరు. దీనికి చెవుడు తప్ప ఏమీ లేదు. అయిదు అవనీయండి. తోక ఊగలేదా, బోనులో పెడతాను. ఊగిందా, పంతొమ్మిదేళ్ళు చెప్పిన పాఠం మీద నా చేత్తో నేనే సంతకం పెడతాను."

"ఆయ్," అన్నాడు ఉదయ్ కిరణ్, మెట్టు దిగకుండా, ఎక్కకుండా.

లిడియా తలుపు రెక్క పట్టుకుంది. ఈ వారంలో మొదటిసారి ఆమె నోట మాట బయటికొచ్చింది. "డాడీ... వస్తువులో లోపం ఉంటే మార్చుకోవచ్చు, తిరిగివ్వచ్చు, ఉంచుకోవచ్చు... ఏది కావాలో కొన్నవాళ్ళ ఇష్టం అని మీరే చెప్పేరు కదా క్లాసులో. మనం ఉంచుకోవచ్చు కదా..."

వరండాలో అందరూ ఆమె వైపు తిరిగారు. అందుకే ఆమె ఎప్పుడూ మాట్లాడదు.

"నా పాఠం నాకే అప్పజెబుతున్నావా?" అన్నారు మాస్టారు. "అయిదు కావస్తోంది. లోపలికి వెళ్ళు. ఇక్కడ ఎవరూ ఏ సైగా చెయ్యడానికి వీల్లేదు." తెరిచి ఉన్న రెక్కని ఆమె మొహం మీదే మూసి, బయట గొళ్ళెం కూడా పెట్టేశారు.

గదిలో చీకటి. లిడియా రోజూ కూర్చునే చోటే కూర్చుని, తలుపుకి వీపు ఆనించింది. చేస్తున్నది మోసమని తెలుసు. ఆదివారం ప్రార్థనలో తల ఎత్తలేనని కూడా తెలుసు. లారీల రోడ్డు గుర్తొచ్చింది. మోకాలు మడిచి, కాలు పైకెత్తింది.

లోపల గడియారం అయిదు కొట్టింది.

టప్, అంది తోక బయట. టప్. టప్. టప్.

ఆమె వీపు వెనకాల పడక్కుర్చీ రెండుసార్లు కిర్రుమంది.

"వచ్చేరా అండీ? టీ వేడిగా ఉంది, చూసుకోండి," అంది సత్యవతమ్మ.

తర్వాత మాస్టారి గొంతు, క్లాసులో ఎప్పుడూ వినబడనంత చిన్నగా. "పెన్నుందా అండీ?"

లిడియా కాలు ఇంకా గాలిలోనే ఉంది.