వేపమండ బేరం

ఓబయ్య ఆ పొద్దున వేసుకున్న లెక్క సూటిగా ఉంది. నంద్యాలలో తొలి బస్సెక్కాలి, ఆళ్లగడ్డలో దిగాలి, అహోబిలం యాత్రికులకు సత్రం నడిపే ఉమామహేశ్వరమ్మకు దోమతెరలు అంటగట్టాలి, మధ్యాహ్నానికల్లా వచ్చి కొట్టు తెరవాలి. వానాకాలం, ఊరినిండా జ్వరాలు. దోమతెరల వ్యాపారికి ఇంతకు మించిన అదను దొరకదు. ఆ సత్రం చేజిక్కితే ఏడాది సరుకు ఒక్క గుమ్మంలోనే దిగిపోతుంది.

అడ్డొచ్చింది అతని ముఖమే. రాత్రి కరెంటు పోయింది. తెల్లారేసరికి ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు.

"ఇంటినిండా తెరలు పెట్టుకొని ఒకటి కట్టుకోకూడదా?" అంది భార్య కమలాక్షమ్మ.

"అమ్మే సరుకు వాడుకుంటే మిగిలేదేముంది? ఈ మొగం జూస్తే ఆయమ్మ నా తెరలు కొంటాదా? ఏదో ఒకటి పూయి, తొందరగా!"

ఆమె పసుపులో వేపనూనె కలిపి ముఖానికీ చేతులకూ దట్టంగా పట్టించింది. దారిలో దోమలు ముసిరితే విసురుకోమని ఒక వేపమండ చేతికిచ్చింది. ఓబయ్య తలకు తువ్వాలు కప్పుకొని, తెరల మూట చంకన పెట్టుకొని బస్సెక్కాడు.

ముందు సీటులోని ముసలామె వెనక్కి తిరిగి చూసి, గబగబా చెంపలు వేసుకుంది.

"అమ్మవారు పోసినాదే! ఇట్లాంటోన్ని బస్సులో తిప్పుతాండారేందప్పా!"

చుట్టూ సీట్లు ఖాళీ అయ్యాయి. కండక్టరు టికెట్టును దూరం నుంచే విసిరాడు.

"దోమలు కుట్టినాయమ్మా!" అని మొత్తుకున్నాడు ఓబయ్య.

"తల్లిని పట్టుకొని దోమ అంటాండాడు! కండ్లు పోతాయ్ రా!"

ఎదురుకొట్టు సుబ్బన్న కూడా అదే బస్సులో ఉన్నాడు. అతనిదీ దోమతెరల వ్యాపారమే. పాపం, మనసాగక తరువాతి స్టాపులోనే దిగి, వీధివాళ్లందరికీ ఫోన్లు చేసి, తిరుగు బస్సెక్కాడు.

ఉమామహేశ్వరమ్మ బేరంలో కొరకరాని మనిషి. నిరుడు చాపలు అమ్మడానికి వచ్చినవాడు ఆమె దగ్గర కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడని వాడుక. ఓబయ్య గడపలో కనబడగానే అతని కాళ్లమీద పసుపునీళ్లు పోసింది, బల్లమీద వేపాకు పరిపించింది, చల్లటి మజ్జిగ తెప్పించింది. మీసాల ఓబయ్యకు రెండు చేతులూ జోడించింది.

"చల్లగా జూడు తల్లీ!"

"అమ్మా, నేను ఓబయ్యను. నంద్యాల నుంచి దోమతెరలు..."

"తెరలు కావాల్నా తల్లీ? సత్రమంతా కట్టిస్తా. నువ్వెంతంటే అంత. నీతో బేరమాడే దాన్నా నేను?"

నిజం చెప్పడానికి తెరిచిన నోటిని ఓబయ్య మజ్జిగ తాగడానికి వాడుకున్నాడు. తాగి, గొంతు కాస్త సన్నం చేసి రేటు చెప్పాడు.

"అట్లే తల్లీ. అమ్మవారు దిగి నీళ్లు పోసుకున్నాక సరుకు దించు. అంతదాకా మాత్రం యాపారం ముట్టొద్దు, అరిష్టం. ముట్టినావంటే నేనీ సరుకు తాకను. మా చెల్లెలు గోదా ఉండేది మీ వీధిలోనే. దినామూ వచ్చి చూసిపోతాది."

మధ్యాహ్నం ఓబయ్య నంద్యాలలో దిగేసరికి కొట్టు మూసి ఉంది. గుమ్మం నిండా వేపమండల తోరణం.

"ఏందే ఇది?"

"వీధిలో ఆడోళ్లు కట్టిపోయినారు," అంది కమలాక్షమ్మ. "దోమలే అని నేను చెప్తానే ఉండా. అమ్మవారిని ఎగతాళి చేస్తాండావని నామీదికే వచ్చిరి. జనం తెరలకు ఎగబడతాండారు. నువ్వన్నా చెప్పు, కొట్టు తెరుద్దాం!"

ఓబయ్య వీధిలోకి వచ్చి నోరు తెరిచాడు. ఎదురుగా గోదా, చేతిలో మజ్జిగ చెంబుతో. నిజం చెబితే ఆళ్లగడ్డ బేరం పోతుంది. చెప్పకపోతే నంద్యాల బేరం పోతుంది. ఓబయ్య మజ్జిగ అందుకున్నాడు.

సాయంత్రం అరుగుమీద వేపాకు పరిపించుకొని కూర్చున్నాడు. ఎదురుకొట్టు ముందు జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఆ సందడిలోనే సుబ్బన్న ఇటు తిరిగి, భక్తిగా ఒక దండం పెట్టి, మళ్లీ తెరలు కొలవడంలో పడ్డాడు.

ఆ పూట ఓబయ్యను ఒక్క దోమ కూడా కుట్టలేదు.