ఎదురుకాళ్ళ చెల్లసామి, తెగిన నా భుజం

విరుదునగరులో డాక్టరు కార్తిక స్కాన్ ఫిల్మును వెలుగుకేసి పట్టుకోగానే, నా కుడి భుజంలో ఒక తాడు తెగిపోయి ఉందనీ, అది ఒక్క బస్సు చేసిన పని కాదనీ బయటపడింది.

పాఠకులారా, జాలి పడకండి. అసూయపడండి! భుజం తాడు తెగడంలాంటి అదృష్టం ఈ రోజుల్లో ఇంకొకటి లేదు.

ముందు తాడు సంగతి. భుజం గుండు జారిపోకుండా నాలుగు కండరాలు తమ తాళ్ళతో దాన్ని చుట్టూ పట్టుకుని ఉంటాయి, చొక్కా చేతికి పట్టీ ఉన్నట్టు. దాన్నే రొటేటర్ కఫ్ అంటారు. చెయ్యి లేచేదీ తిరిగేదీ దాని దయవల్లే. అరవై దాటితే ఆ తాడు ఎలాగూ నలుగుతుంది. దానికి తోడు కోవిల్‌పట్టి బస్సులో నిలబడి వస్తుంటే, సాత్తూరు దగ్గర మేకలు అడ్డొచ్చాయి. డ్రైవరు బ్రేకు వేశాడు. పై కమ్మీ నా చేతిలోనే ఉంది, నేను మాత్రం డ్రైవరు దాకా వెళ్ళాను!

ఆ రోజు నుంచీ ఎన్ని సుఖాలు! గ్యాస్ సిలిండరు జరపమని నన్నెవరూ అడగరు. వేరుశనగపప్పు, బెల్లంతో చేసే కడలై మిఠాయి డబ్బా పై అరలో ఉంది, అందదు, షుగరు దిగింది. సంఘం మీటింగులో "ఎవరికైనా అభ్యంతరమా?" అంటే చెయ్యెత్తలేను, శాంతమూర్తినని పేరొచ్చింది. ఆ పక్కకు తిరిగి పడుకుంటే నొప్పి, అందుకని నిద్ర లేదు. వీధికి జీతం లేని కాపలావాడు దొరికాడు! నాలా నేరకథలు రాసుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

అన్నిటికన్నా గొప్ప సుఖం, ఉచిత వైద్యం. ఒకరు వేపనూనె అన్నారు. ఒకరు గుడ్డు తెల్లసొన పట్టు వేయమన్నారు. డాక్టరు దగ్గరికి పొమ్మన్నవాడు ఒక్కడూ లేడు. ఉంటే ఊరు నవ్వదూ?

మా ఆవిడ అళగమ్మాళ్ తేల్చేసింది. "ఎదురుకాళ్ళోడు మన వీదిలోనే ఉండంగా విరుదునగరు దాకా యాల?"

నిజమే కదా! తల్లి కడుపులోంచి తలకు బదులు కాళ్ళు ముందుపెట్టి వచ్చినవాడి పాదం తగిలితే ఎంతటి సుళుక్కు అయినా, అంటే బెణుకైనా, పారిపోవాలి. ఇది మాకు తాతల నాటి చట్టం. వీధి చివర బైకులు రిపేరు చేసే చెల్లసామి అలాంటివాడు. ఎట్టయాపురం నుంచి కూడా జనం నడుములు, మెడలు పట్టుకుని అతని పాదం కోసం వస్తారు.

నేనూ వెళ్ళాను. అప్పటికి ఇంకా సగం దాకా చెయ్యెత్తగలుగుతున్నాను. ఇది గుర్తుంచుకోండి! చెల్లసామి నన్ను టైర్ల మీద పడుకోబెట్టి, చంకలో పాదం ఆనించి, మణికట్టు పట్టుకుని లాగాడు. లోపల టప్‌మంది. నాకు చుక్కలు కనిపించాయి.

"శబ్దం వింటివా మామా? సుళుక్కు విడిసి పోయింది!" అన్నాడు.

పోయిందనే నమ్మాను. అరటిపళ్ళు, తమలపాకులు ఇచ్చి వచ్చాను. మర్నాటి నుంచి చెయ్యి లేవలేదు. లేవలేదని మళ్ళీ వెళ్ళాను! మళ్ళీ లాగాడు. చివరికి విరుదునగరు బస్సెక్కక తప్పలేదు.

డాక్టరు కార్తిక మావాళ్ళ పిల్లే. అంతసేపూ తమిళంలో మర్యాదగా మాట్లాడింది, తిట్టడానికి మాత్రం మా ఇంటి భాష తెలుగులోకి దిగింది.

"పడిన వారమే వచ్చింటే చిన్న చిరుగే తాతా. సెయ్యికి విశ్రాంతి ఇచ్చి, వ్యాయామంతో సరి చేసుండొచ్చు. ఇప్పుడు తాడు పూరా తెగి లోపలికి జరిగిపోయింది. ఇంకా నానిస్తే కండ కొవ్వయిపోతుంది, కుట్టేదానికి ఏమీ మిగలదు. ఎవరు లాగినారు?"

"సెయ్యి మళ్ళా లేస్తుందా అమ్మా?"

"చిన్న రంధ్రాలు పెట్టి తాడును ఎముకకు కుడతా. కొన్ని వారాలు సెయ్యి జోలెలో, తర్వాత నెలల తరబడి వ్యాయామం. లేస్తుందనే అనుకుందాం. పూరా లేస్తుందని మాటియ్యలేను."

అదృష్టాలన్నీ ఆ ఒక్క మాటతో కరిగిపోయాయి. బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాను. పక్కన ఒక మనిషి మోకాలికి పట్టీ వేసుకుని, ఫిల్ముల కవరు వెనక మొహం దాచుకున్నాడు. కవరు లాగాను. చెల్లసామి!

"ఏందిరా, నువ్వు ఈడికా? నీ పాదంతో నీ మోకాలు తొక్కుకోకూడదా?"

చెల్లసామి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మెల్లగా మామా, అందరూ వింటారు. కాళ్ళతో పుట్టింది నేను కాదు, మా అన్న. వాడు తిరుప్పూరు మిల్లుకు పోయినాక కూడా జనం వస్తానే ఉండారు. బస్సెక్కి వచ్చినోళ్ళను ఊరికే పంపితే పాపమని మా అమ్మ, 'నువ్వూ ఆ కడుపులోంచి వచ్చినోడివే, కాలు సాపురా' అనింది. సాపినా. నేను అందరి మాదిరి తలతో పుట్టినోణ్ణే మామా. అయితే ఒకటి సెప్పు... నేను నీ ఇంటికొచ్చి పిలిసినానా? డాక్టరును దాటుకోని, సెయ్యి తెచ్చి నా కాలి కింద పెట్టింది నువ్వే గదా!"