ఏమీ చేయని పంక్తి

గ్లాస్గోలోని మా కళాశాల కంప్యూటర్ విభాగంలో ఏ మార్పూ తీసుకురాని పనులన్నీ సోమవారం నుంచి రద్దయ్యాయని తెలియజేయుటకు మిక్కిలి సంతోషిస్తున్నాను. ఈ సంస్కరణ కోసం ఐదుగురు సభ్యుల సంఘం నాలుగు నెలలు కూర్చుంది. దాని కార్యదర్శిని నేనే. సమావేశాల్లో బిస్కెట్లు చాలా బాగుండేవి.

మాకు మొదట దొరికినవారు ఇష్బెల్ మెక్రోన్ గారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆఫీసులో ఉన్నారు, అందరికీ టీ పోసేదీ ఆవిడే. రోజూ ఉదయం విభాగాధిపతి డూగల్ పెటిగ్రూ గారి బల్ల మీంచి ఆనాటి ఏర్పాట్ల ఫైలు తీసి, ఆ ఫైలునే ఆయన చేతిలో పెడతారు. ఒక్క అక్షరం మార్చరు. మేం గడియారం పెట్టి మరీ చూశాం, నలభై సెకన్లు. ఇంత ఘోరం జరుగుతున్నా కళాశాల ఇన్నేళ్ళూ ఎలా నడిచిందో మాకు అర్థం కాలేదు. ఆ పని సోమవారమే ఆపించాం. శుక్రవారంతో ఆవిడ ఉద్యోగం కూడా ముగిసేట్టు కాగితం తయారైంది.

రెండోది మర్డో గిల్లీస్ ప్రోగ్రాములో దొరికింది. మర్డో మా కుర్ర అధ్యాపకుడు. విద్యార్థులు హాస్కెల్ భాషలో రాసిన హోంవర్కును దిద్దడానికి ఓ ప్రోగ్రామ్ రాశాడు. అది, రాసిన కోడును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ఆ భాష కంపైలర్‌నే లైబ్రరీగా, అంటే అరువు తెచ్చుకున్న పనిముట్టుగా, లోపలికి పిలిచి పని చేయించుకుంటుంది. ఆ కంపైలర్ మా ఊళ్ళోనే పుట్టింది గనక మా మాట వింటుందని మా ధీమా. ప్రోగ్రాములో ఒక పంక్తి ఉంది: కంపైలర్ దగ్గర సెట్టింగులు తీసుకో, తీసుకున్నవి తీసుకున్నట్టే తిరిగివ్వు.

"ఇదీ ఇష్బెలే" అన్నారు పెటిగ్రూ గారు. కొట్టేశాం.

సోమవారం తొంభై నాలుగు హోంవర్కులు అందగానే ప్రోగ్రామ్ "అసాధ్యం జరిగింది" అని ప్రకటించి చతికిలబడింది. ఇది నా చమత్కారం కాదు, మరీ కష్టమొస్తే ఆ కంపైలర్ అనే మాటే అది. అసాధ్యానికి మా దగ్గర ఫారం లేదు. మంగళవారానికల్లా తయారుచేశాం. "ఈ అసాధ్యం ఇంతకు ముందు ఎన్నిసార్లు జరిగింది?" అన్న గడి నేను చేర్చిందే.

కంపైలర్‌కు దాని ఇల్లెక్కడో, అంటే అది ఏ ఫోల్డర్లో ఉందో, మనమే చెప్పాలని మర్డో కనిపెట్టాడు. చెప్పాడు. అప్పుడది, మీరడిగిన కోడు మూట, అదే ప్యాకేజీ, నా దగ్గరే ఉంది కానీ దాచి ఉంచాను, అంది.

"దాచానని చెప్తావు, తీసివ్వడానికేం రోగం?" అని మర్డో తెరను నిలదీయడం వరండా అంతా విన్నాం.

"వెర్షన్ మార్చి చూడు" అన్నాను. ఎవరో ఒకరు అనాలి కదా. కొత్త వెర్షన్‌లో సగం పేర్లు మారిపోయి ఉన్నాయి. అసాధ్యం మాత్రం పాత పేరుతోనే జరిగింది.

ఈలోగా పెటిగ్రూ గారి ఫైలు ఆయన ముక్కు కిందే పడి ఉంది. బుధవారం ఆయన మూడో అంతస్తులోని తన క్లాసుకు బదులు కింది హాల్లోకి వెళ్ళి, జానపద నృత్యం నేర్చుకుంటున్న పెన్షనర్లకు గంటసేపు పాఠం చెప్పారు. వాళ్ళు జంటలు కట్టి చివరిదాకా గెంతారు. ఈ ఏడాది పిల్లలు మహా చురుగ్గా ఉన్నారని ఆయన తిరిగొచ్చి మెచ్చుకున్నారు.

శుక్రవారం ఇష్బెల్ గారు ఆఖరి టీ పోస్తూ మర్డో దగ్గర ఆగారు.

"ఇంకా దాంతోనే కుస్తీనా నాయనా?"

"ఏం చేసినా లేవట్లేదమ్మా. అన్నీ దగ్గర పెట్టుకుని ఏమీ ఇవ్వనంటోంది."

"దాని కాగితాలు దాని చేతికిచ్చారా?"

"వాటిలో మార్పేం లేదుగా, ఎందుకివ్వడం?"

"మీ పెద్దాయన ఫైల్లో మాత్రం ఏం మారుతుందీ? చేతికిస్తేగానీ చూడడు. ఇవ్వడం మానేస్తే ఏమైంది, పోయి ముసలమ్మలతో చిందులేయించాడు."

మర్డో కప్పు పక్కన పెట్టి, కొట్టేసిన పంక్తిని తిరిగి రాశాడు. సెట్టింగులు చేతికందాకే ఆ కంపైలర్ తన ప్యాకేజీల జాబితా తెరిచి చూసుకుంటుందట. నాలుగు నిమిషాల్లో తొంభై నాలుగూ దిద్దేసింది. అరవై ఒక్కరు తప్పారు. ఫలితం వచ్చిందన్న ఆనందంలో వాళ్ళూ చప్పట్లు కొట్టారు.

పెటిగ్రూ గారు కుర్చీ ఎక్కి ప్రసంగించారు. "మిత్రులారా, ఏమీ చేయని పంక్తి లేనిదే ఏమీ జరగదు. ఈ సత్యాన్ని లోకానికి అందించిన ఘనత మన సంఘానిదే." ఆ పంక్తి పైన "ఇది ఏమీ చేయదు, ఎవరూ ముట్టుకోరాదు" అని రాయించాం. దానికిక శాశ్వత రక్షణ.

"మరి ఇష్బెల్ గారు?" అన్నాడు మర్డో.

"అది వేరే కాగితం బాబూ. సంతకాలన్నీ అయిపోయాయి" అన్నారు పెటిగ్రూ గారు.

నిజమే, అయిపోయాయి. ఆ కాగితం మొదట నా దగ్గరికే వచ్చింది. తీసుకున్నాను, ఒక్క అక్షరం మార్చకుండా పక్కాయనకు ఇచ్చాను. ఆయనా అంతే చేశాడు. ఐదుగురం కలిపి నిమిషం లోపే కానిచ్చాం. నా వంతుకు పదకొండు సెకన్లు. ఇష్బెల్ గారు తన టీ కెటిల్ చంకన పెట్టుకుని వానలో బస్సు కోసం నిలబడి ఉంటే కిటికీలోంచి చూశాను. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గును సమావేశపు మినిట్సులో నమోదు చేశాను.

మా సంఘాన్ని మరో మూడేళ్ళు కొనసాగిస్తూ నిన్న ఉత్తర్వు వచ్చింది. చదవకుండానే పక్కకు అందించాను. ఇలాంటి కాగితం ఏదో ఒకటి మీ చేతి మీదుగానూ పోయే ఉంటుంది. మీకెన్ని సెకన్లు పట్టింది?