పదకొండు అంతస్తులూ ఒక పూలకుండీ

ఆ బుధవారం పొద్దున జాస్మిన్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి బండారులంక వెళ్లి, అమ్మ చెప్పి నేయించుకున్న చీర తీసుకోవాలి. తొమ్మిదింటికి అమలాపురంలో బుచ్చిరాజుగారి చేత ప్లాను మీద సంతకం పెట్టించుకోవాలి. పదకొండింటికల్లా ఇంటికి చేరి, పెసరట్టు తిని, ఫ్యాను కింద ముసుగు తన్నాలి. పాపం, ఆ పిల్లకి మూడు నెలలుగా కంటి మీద కునుకు లేదు.

కునుకు లేకుండా చేసింది ఒక స్తంభం. కొబ్బరి వ్యాపారంలో నాలుగు రాళ్లు వెనకేసిన బుచ్చిరాజుగారు రోడ్డువార స్థలంలో పదకొండు అంతస్తుల మేడ కట్టించాలనుకున్నారు. పై పది అంతస్తులూ ఫ్లాట్లు. కిందిది మాత్రం ఆయన సొంతానికి: వందమంది ఒకేసారి బంతిలో కూర్చుని భోంచేసే హాలు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, హాలు మధ్యలో స్తంభం కనబడకూడదు. జాస్మిన్ ఆర్కిటెక్చర్ చదివి ఏడేళ్లయింది గానీ, ప్రహరీగోడలూ, చర్చి పోర్టికోలూ, ఒక ఏటీఎం గదీ తప్ప ఇంతవరకు గీసిందేమీ లేదు. ఈ మేడ దక్కితే నలుగురూ ఆమెని ఆర్కిటెక్టు అంటారు. దక్కకపోతే జన్మంతా ప్రహరీగోడలే.

అందుకే ప్రాణం పెట్టి హాలు గీసి, లెక్కలు కట్టమని స్ట్రక్చరల్ ఇంజనీరు వెంకటకృష్ణ మాస్టారికిచ్చింది. కొత్తపేటలో ఉంటారాయన. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి, పరమ మర్యాదస్థుడు. ప్లానంతా తిప్పి తిప్పి చూసి, "ఎంత బాగా గీసేరమ్మా!" అని మెచ్చుకుని, హాలుకి సరిగ్గా నడిమధ్యన ఎర్ర పెన్సిలుతో ఒక డబ్బా గీసి, దానికి సి-7 అని పేరు పెట్టారు.

"మాస్టారండీ, ఇది తీసెయ్యలేమా అండీ?" అంది జాస్మిన్ ఏడుపు గొంతుతో.

"ఎందుకు తియ్యలేమమ్మా? శుభ్రంగా తీసేద్దాం. పైనున్న పది అంతస్తులూ దిగొచ్చి బంతిలో కూర్చుంటాయి. వాటిక్కూడా విస్తళ్లు వేయించండి మరి."

"పోనీ, స్తంభం బదులు పెద్ద దూలం వేస్తే?"

"ఆయ్, తప్పకుండా వేద్దాం. తొమ్మిదడుగుల మందం దూలం. పన్నెండడుగుల హాల్లో కింద మూడడుగులు మిగుల్తుంది. వచ్చినోళ్లు పాక్కుంటూ వచ్చి భోంచేసెళ్తారు."

ఇంత మర్యాదగా కాదనే మనిషితో ఎవరు మాత్రం ఏం వాదిస్తారు? మూడు నెలలు బతిమాలింది. స్తంభం అంగుళం కదల్లేదు. చివరికి మంగళవారం నాడు ఆమె బుర్రలో ఒక పాడు ఆలోచన పుట్టింది. ప్లానులో ఆ స్తంభం మీద ఒక పూలకుండీ, అందులో గుబురుగా క్రోటన్ మొక్క గీసి, ఆకులకు పచ్చరంగు వేసింది. సంతకం పడ్డాక మెల్లగా చెప్పుకోవచ్చని ఆమె ధైర్యం. మోసమా అంటే మోసమే, కాకపోతే చూడ్డానికి పచ్చగా ఉంది.

బుధవారం లెక్కలు చెప్పడానికి మాస్టారూ వెంట వచ్చారు. బుచ్చిరాజుగారింట్లో కాఫీలయ్యాయి, ప్లాను బల్ల మీద పరిచారు. రాజుగారు కళ్లజోడు సవరించుకుని, "స్తంభం లేదు కదమ్మా?" అన్నారు. "శుక్రవారం పునాదికి ముహూర్తం. ఇవాళ తేలకపోతే హైదరాబాదు కంపెనీవోళ్లు కాసుక్కూర్చున్నారు. వాళ్ల పుస్తకంలో హాలు చూసేను, చెరువులాగుంది, ఒక్క స్తంభం లేదు."

"కనబడదండీ" అంది జాస్మిన్. అబద్ధం కాదు కదా!

రాజుగారు పెన్ను మూత తీశారు. అంతలో ఆయన భార్య రత్నంగారు వంగి చూశారు. ఆవిడకి మొక్కలంటే ప్రాణం. "ఇదేంటమ్మాయ్, ఈ క్రోటన్‌ని నడిమధ్యన పెట్టేవు? ఎండ తగలక వారానికే చచ్చిపోద్ది. కిటికీ వారకి జరిపెయ్."

"జరగదండీ ఆంటీగారూ."

"కుండీ ఎందుకు జరగదు?"

"బరువెక్కువండీ."

"ఎంతుంటదేంటి?"

జాస్మిన్ నోరు తెరిచేలోపే, బరువుల విషయంలో అబద్ధం ఎరగని వెంకటకృష్ణ మాస్టారు వినయంగా చెప్పేశారు. "ఎనిమిదొందల టన్నులండీ."

రాజుగారు పెన్ను మూత పెట్టేశారు. జాస్మిన్‌కి భూమి చీలితే బాగుండుననిపించింది. రాజుగారు కోప్పడలేదు, అదింకా బాధ. ఆయన కండువాతో మొహం తుడుచుకుని, స్తంభం తనకి చేసిన అన్యాయం చెప్పుకొచ్చారు.

పదకొండేళ్ల కిందట ఈ ఇంట్లోనే పెద్ద విందు. ఆయన అక్కగారి భర్త శివనాగరాజుగారు, రాజోలు నుంచి వచ్చిన పెద్ద బావగారు, వరండా స్తంభం వెనక కూర్చున్నారు. వడ్డించేవాళ్లకి కనబడలేదు. పూర్ణాలు రెండుసార్లు ఆయన్ని దాటి వెళ్లిపోయాయి. రత్నంగారు ఆలస్యంగా చూసి, లెంపలేసుకుని, తానే దగ్గరుండి వడ్డించినా లాభం లేకపోయింది. బావగారు చెయ్యి కడుక్కుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోయారు. మళ్లీ గుమ్మం తొక్కలేదు. "మా అక్క వస్తది, పోతది. ఆయన మాత్రం రారు. అందుకేనమ్మా నాకు స్తంభం వద్దన్నది" అన్నారు రాజుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

జాస్మిన్ తెగించింది. "రాజుగారండీ, ఈ స్తంభం ఎవరికీ అడ్డురాదండీ. కావాలంటే కళ్లంలో ముగ్గుతో హాలు కొలతకి కొలత గీసి చూపిస్తానండీ."

"ఊరికే గీస్తే ఏం తెలుస్తది? బంతి వేసి చూడాలి" అన్నారు రత్నంగారు. అంతే, అక్కడినుంచి వ్యవహారం ఎవరి చేతుల్లోనూ లేకుండా పోయింది. బంతి అంటే వంట ఉండాలి. వంట అంటే పదిమందిని పిలవాలి. పదిమందిని పిలిస్తే పదకొండోవాడికి కోపం వస్తుంది కాబట్టి అరవైమందిని పిలిచారు. అరవైమందిని పిలిచి బావగారిని పిలవకపోతే లోకం ఉమ్మేస్తుంది. రాజుగారు ఫోను చేశారు. "స్తంభం ఉండాలా వద్దా మీరే తీర్పు చెప్పాలి బావగారూ. మీ మాటే ఖాయం."

అవతలినుంచి ఒకే ప్రశ్న. "ఇవాళ స్తంభం ఉంటదా?"

"భోజనాలయ్యేదాకా ఉంటదండీ. మీరు ఊఁ అంటే పీకించేస్తాం."

"అయితే వస్తన్నా."

"ఎంత కోపంగా ఉన్నారో చూసేవా!" అన్నారు రాజుగారు ఫోను పెట్టేసి.

పన్నెండింటికల్లా కొబ్బరికాయలు ఆరబోసే సిమెంటు కళ్లం మీద హాలు వెలిసింది. గోడలు ముగ్గుతో. చుట్టూ స్తంభాలకి కొబ్బరి మొద్దులు. మధ్య సి-7 కి మాత్రం చిక్కొచ్చింది. నాలుగు వెదురుబొంగులు నిలబెట్టి గుడ్డ చుడదామంటే సిమెంటులో బొంగు దిగదు. "ఎవరో ఒకరు లోపల కూచుని పట్టుకోవాలి. స్తంభం కావాలన్నది మాస్టారు, దాన్ని మొక్కని చేసింది నువ్వు. ఇద్దరూ పట్టుకోండి" అని తీర్పిచ్చేశారు రత్నంగారు. గుడ్డ కోసం వెతుకుతుంటే జాస్మిన్ సంచిలోంచి తొంగి చూస్తున్న బండారులంక చీర ఆవిడ కంటబడింది. వద్దనే వ్యవధి కూడా ఇవ్వలేదు. చీర పన్నా నాలుగడుగులే కనుక, ఆర్కిటెక్టూ ఇంజనీరూ స్తంభంలో రెండు పీటలు వేసుకుని, వీపు వీపు ఆనించి, చేతికో బొంగు చొప్పున పట్టుకుని కూర్చున్నారు. ప్లాను జాస్మిన్ ఒళ్లో ఉంది.

"మొత్తానికి మీరూ నేనూ ఒక్క చోటికొచ్చేమమ్మా" అన్నారు మాస్టారు సంతోషంగా. జాస్మిన్ పళ్లు నూరుకుంది.

వచ్చినవాళ్లలో సగంమంది గృహప్రవేశం అనుకుని స్టీలు బిందెలు పట్టుకొచ్చారు. ఒకాయన గోడగడియారం తెచ్చి, "ఇల్లేదండీ?" అని వెతుక్కుంటున్నాడు. "హాల్లోనే ఉన్నారు కదండీ" అని చెప్తే కంగారుగా చెప్పులు విప్పాడు. ఇంకొకాయన తిన్నగా ముగ్గు దాటి వస్తుంటే రత్నంగారు కయ్యిమన్నారు. "గుమ్మం అక్కడుంటే గోడలోంచి వచ్చేస్తారేంటండీ!" ఆయన సిగ్గుపడి వెనక్కి వెళ్లి గుమ్మంలోంచి వచ్చాడు.

బావగారు దిగారు. ఎత్తుపీటా, వెండి కంచమూ వేసిన చోటుకేసి ఆయన కన్నెత్తైనా చూడలేదు. గబగబా నడిచొచ్చి సి-7 వెనక చతికిలబడ్డారు. "చూసేరా, పంతం!" అని ఎవరో గుసగుసలాడారు. రాజుగారు రత్నంగారికి కంగారుగా సైగ చేశారు. పాత తప్పు మళ్లీ జరగకూడదని రత్నంగారు నేతిగిన్నెతో, పూర్ణాల బేసినుతో ఆయన చుట్టూనే తిరగసాగారు.

స్తంభం లోపల జాస్మిన్‌కి ఏదో వెచ్చగా తగిలింది. చీర అంచు కిందనుంచి ఒక చెయ్యి దూరి, ఆమె ఒళ్లోని ప్లాను మీద ఒక పూర్ణం పెట్టి, చల్లగా జారుకుంది. కాసేపటికి మళ్లీ వచ్చింది. ఈసారి రెండు. మరోవైపునుంచి గాజుల చెయ్యొకటి దూరి ఇంకోటి పెట్టింది. ఆమె రెండు చేతుల్లోనూ బొంగులున్నాయి, ఏం చెయ్యగలదు? నెయ్యి కారుతోంది. పూర్ణాలు గుట్ట పడుతున్నాయి. బయట బావగారి గొంతు మెల్లగా, భక్తిగా వినిపించింది. "స్తంభమా, నా తల్లీ, నువ్వే లేకపోతే నేనేమైపోదును! పది కాలాలు చల్లగా నిలబడు."

ముప్పై ఏళ్లు స్తంభాల గురించి పాఠాలు చెప్పినా, ఒక స్తంభాన్ని ఎవరైనా మెచ్చుకోవడం వెంకటకృష్ణ మాస్టారు వినడం అదే మొదలు. ఆయన కళ్లు చెమర్చాయి. మెప్పుకి జవాబివ్వకపోవడం ఆయన మర్యాదకి విరుద్ధం. రెండు బొంగులూ వదిలేసి చేతులు జోడించి, "ఆయ్, తమ దయండీ" అన్నారు.

స్తంభం మాట్లాడేసరికి బావగారు కెవ్వుమని పక్క విస్తట్లో పడ్డారు. బొంగులు అటూ ఇటూ ఒరిగాయి. సి-7 అరవైమంది సమక్షంలో కుప్పకూలింది. మధ్యలో చేతులు జోడించిన ఇంజనీరు, ఒళ్లో పూర్ణాల గుట్టతో ఆర్కిటెక్టు.

"అన్నయ్యగారూ, ఇవి నేను వడ్డించినవేనా?" అన్నారు రత్నంగారు నీరసంగా.

శివనాగరాజుగారు పైకి లేచి కండువా దులుపుకున్నారు. ఇక దాచి లాభం లేదు. "క్షమించు చెల్లెమ్మా. ఆ రోజు స్తంభం వెనక నేనే కావాలని దాక్కున్నాను. పొట్ట పగిలిపోతందని దాక్కుంటే, నువ్వు వెతికి పట్టుకుని, లెంపలేసుకుని, ఆరు పూర్ణాలేసి గిన్నెడు నెయ్యి పోసేవు. మూడ్రోజులు మంచం దిగలేదు. కోపమెక్కడిది తల్లీ? భయం! పదకొండేళ్లూ భయంతోనే రాలేదు. ఇవాళ స్తంభం ఉందన్నారని ధైర్యం చేసేను."

"ఆయన చెప్పింది నిజమేనర్రా" అన్నారు గాజుల చెయ్యిగల మాణిక్యం పిన్నిగారు. "నేనూ మూడు తోసేను." వెనకనుంచి ఇంకో నలుగురు చేతులెత్తారు.

అరవైమందీ రాజుగారి మొహం చూస్తున్నారు. జాస్మిన్ మాత్రం, పోతే పోయిందని, నేతితో తడిసిన ప్లాను ఆయన ముందు పెట్టింది. "మొక్కని గీయడం నా తప్పేనండీ. కానీ ఈ స్తంభం మేడకే కాదండీ, బంతికీ కావాలండీ."

రత్నంగారు కళ్లొత్తుకున్నారు. "పోన్లెండి, ఇకమీద తక్కువ వడ్డిద్దాం."

"తక్కువా!" రాజుగారు గర్జించారు. "తక్కువ వడ్డించడం మన ఇంటా వంటా లేదు. దాక్కునే చోటు పెంచుదాం!" బావగారిని కౌగిలించుకుని, పెన్ను తీసి, పూర్ణాలు పక్కకి జరిపి సంతకం చేశారు. సి-7 పక్కన స్వహస్తాలతో రాశారు: 'ఇది ఉండవలెను. ఇలాంటివి ఇంకో పదిహేను వేయవలెను.'

ఇంకో పదిహేనా! ఒక్కో స్తంభానికీ ఈ బురదనేలలో ఎంత లోతు దిగాలో తలుచుకుని, వెంకటకృష్ణ మాస్టారు జీవితంలో మొదటిసారి ఒక స్తంభం వద్దని చేతులు పట్టుకుని బతిమాలారు. రాజుగారు అంగుళం కదల్లేదు.

సాయంత్రం జాస్మిన్ ప్లాను మళ్లీ గీసి, పునాది అక్కర్లేకుండానే మనిషి దాక్కునేటంత గుబురు క్రోటన్లకి నర్సరీలో ఆర్డరిచ్చి, హాయిగా నిద్రపోయింది. ఈసారి ఆమె పదిహేను పూలకుండీల మీద స్తంభాలు గీసింది.